మేనల్లుడు అడిగిన న్యూటన్ మీటర్లు

ప్రశ్న: నేను 19 ఏళ్లుగా బైక్ మెకానిక్‌ని. మొదట గురువు దగ్గర పని నేర్చుకున్నాను. తర్వాత కొన్నాళ్లు కంపెనీ సర్వీస్ సెంటర్‌లో చేశాను. ఇప్పుడు సొంత షెడ్డు ఉంది. కంపెనీ వాళ్లు పంపిన రెండు ట్రైనింగ్‌లు పూర్తి చేశాను, సర్టిఫికెట్లు షెడ్డు గోడకే ఉన్నాయి. ఈమధ్య మా అక్క కొడుకు బండి పట్టుకొచ్చాడు. వాడు మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. వెనక చక్రం ఇరుసు నట్టు బిగిస్తుంటే, "ఎన్ని న్యూటన్ మీటర్లు పెడుతున్నావ్ మామయ్యా?" అని అడిగాడు. నట్టును ఎంత బలంగా తిప్పి బిగిస్తున్నామో చెప్పే కొలత అది. "నా చెయ్యే న్యూటన్ మీటర్ రా" అన్నాను. వాడు నవ్వి, "నువ్వు మంచి పనివాడివే మామయ్యా, కానీ టెక్నికల్ ఎక్స్‌పర్ట్ అంటే అది వేరు" అన్నాడు. "రైట్ సోదరులు కూడా సైకిల్ మెకానిక్కులే కదరా" అంటే ఊరుకున్నాడు. వాడు ఊరుకున్నాడు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంత ట్రైనింగు, ఇన్నేళ్ల అనుభవం ఉన్న మెకానిక్ టెక్నికల్ నిపుణుడు అవుతాడా, అవ్వడా? సూటిగా చెప్పండి.

సమాధానం: సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. కొన్ని విషయాల్లో మీరు నిపుణులే. మీ మేనల్లుడు పట్టా చేతికొచ్చాక ఇంకో పదేళ్లు కష్టపడినా అందుకోలేనంత నిపుణులు. ఇంకొన్ని విషయాల్లో కారు. చిక్కంతా ఏమిటంటే, ఏ పనిలో నిపుణులమో, ఏ పనిలో కాదో మనంతట మనకు తెలీదు. రెండు చోట్లా చెయ్యి ఒకే ధీమాతో కదులుతుంది.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పాలంటే నా పరువు కొంచెం నేనే తీసుకోవాలి.

నేనూ 12 ఏళ్లు స్పానర్లు పట్టి, ఆ తర్వాత కుర్ర మెకానిక్కులకు పాఠాలు చెప్పే పనిలోకి వచ్చినవాణ్ణే. పని నేర్చుకున్న కొత్తలో ట్యాపెట్ సెట్టింగులో, అంటే ఇంజన్ వాల్వులకూ వాటిని నొక్కే రాకర్లకూ మధ్య ఖాళీ సరిచేసే పనిలో, నాకు మంచి పేరుండేది. "ఇంజన్ టిక్కు టిక్కుమంటోంది అన్నా" అని కస్టమర్ వచ్చేవాడు. నేను కవరు విప్పి, లాక్‌నట్టు వదులు చేసి, స్క్రూ కొద్దిగా బిగించి, స్టార్ట్ చేసి వినిపించేవాణ్ణి. శబ్దం మాయం. కస్టమర్ మొహం వెలిగిపోయేది, వెళ్లి ఇంకో ఇద్దర్ని పంపేవాడు. ఆ ఖాళీని కొలిచే పల్చటి రేకులు, ఫీలర్ గేజ్, షెడ్డులో లేక కాదు. పని రానివాళ్లకే అది కావాలని నా లెక్క.

రెండేళ్లకు వేరే షెడ్డుకి మారాను. ఒకరోజు అక్కడికి పికప్ పూర్తిగా పోయిన బండి ఒకటి వచ్చింది. కిక్ కొడితే కాలికి బరువే తగలడం లేదు, కంప్రెషన్ లేదన్నమాట. హెడ్ దింపి చూస్తే ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒక పక్కన ఎలక కొరికినట్టు కాలిపోయి ఉంది. ఎవడురా ఇంత దరిద్రంగా సెట్ చేసింది అని తిట్టుకుంటూ విప్పి పక్కన పెట్టిన రాకర్ చేతిలోకి తీసుకున్నాను. దాని లాక్‌నట్టు మీద పసుపు రంగు పెయింటు చుక్క ఉంది. నేను సెట్ చేసిన ప్రతి నట్టు మీదా అలాంటి చుక్క పెట్టడం నాకు అలవాటు.

ఆ టిక్కు టిక్కు జబ్బు కాదు. వేడికి వాల్వు సాగుతుంది. సాగడానికి చోటుండాలనే ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు సన్న కాగితం దూరేంత ఖాళీ వదలమంటారు. చాలా చిన్న బళ్లలో అది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. ఆ ఖాళీ లేకుండా చేస్తే వేడెక్కిన వాల్వు తన సీటు మీద పూర్తిగా కూర్చోలేదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగాన్ని వదిలించుకునేది ఆ సీటు మీద కూర్చున్న వ్యవధిలోనే. కూర్చోనివ్వకపోగా మండే గ్యాసు ఆ సందులోంచే దూసుకుపోతుంటే అంచు కాలక ఏం చేస్తుంది?

రెండేళ్లలో అలా ఎన్ని బళ్లకు చేశానో లెక్క లేదు. పాత షెడ్డులో ఉండగా వాటిలో ఒక్కటి కూడా ఆ ఫిర్యాదుతో నా దగ్గరికి తిరిగి రాలేదు. రాకపోయేసరికి బాగున్నాయనుకున్నాను. నిజానికి వేల కిలోమీటర్లు తిరిగాక ఎక్కడో మొరాయించి, దగ్గర్లో ఏ షెడ్డు ఉంటే దానికి పోయి ఉంటాయి. నా దాకా వచ్చినవి మెచ్చుకోళ్లు మాత్రమే. రెండేళ్ల అనుభవం నాకు తప్పే నేర్పింది, అదీ బాగా శ్రద్ధగా నేర్పింది.

అప్పటి నుంచి ఎవరైనా "నాకు ఇన్నేళ్ల అనుభవం" అంటే నాలో నేను ఒకటే అడుగుతాను. ఈ పనిలో చేసిన తప్పు ఇతని షెడ్డుకి తిరిగొస్తుందా? వస్తే, అది తన తప్పేనని ఇతనికి తెలుస్తుందా? రెండింటికీ అవునని జవాబొస్తే, ఆ పనిలో అతని మాటకు నేను తల వంచుతాను. చదువెంతని కూడా అడగను.

మాతో ఒక పెద్దాయన పనిచేసేవాడు. బడి మొహం పెద్దగా చూసినవాడు కాదు. ఒకసారి ఐడిల్ నిలవని, అంటే యాక్సిలరేటర్ వదిలితే ఇంజన్ నిలకడగా తిరగని ఇంజెక్షన్ బండి వచ్చింది. డ్యాష్ మీద వార్నింగ్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెట్టిన కుర్రాడు అందులో ఆక్సిజన్ సెన్సార్ పేరు, పెట్రోలు, గాలి మిక్చర్ పల్చగా ఉందన్న మాట చదివి సెన్సార్ మార్చేశాడు. రెండు రోజులకు బండి మళ్లీ వచ్చింది, అదే లైటుతో. పెద్దాయన స్కానర్ జోలికి పోలేదు. స్టార్ట్ చేసి పక్కన కూర్చుని కాసేపు విన్నాడు. తర్వాత ఇంజన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు మీద సబ్బునీళ్లు కొద్దిగా పోశాడు. నీళ్లు పడగానే ఇంజన్ గొంతు మారింది. రెండు మూడు సెకన్లు నిలకడగా తిరిగి మళ్లీ ఊగడం మొదలెట్టింది. రబ్బరు అడుగు వైపు, వేలు పెట్టి తడిమితే తప్ప తెలియని చోట గోరంత పగులుంది. లోపలి సక్షన్‌కి గాలి అక్కడి నుంచి దూరుతోంది. నీళ్లు ఆ పగులును మూసినంతసేపే ఇంజన్ కుదురుగా ఉంది.

సెన్సార్ అబద్ధమేమీ చెప్పలేదు. గాలి ఎక్కువైందనే చెప్పింది. ఆ గాలి ఎటు నుంచి వస్తోందో చెప్పడం దాని పని కాదు. ఆ పని చేసిన పెద్దాయన్ని నిపుణుడు కాదని మీ మేనల్లుడు కూడా అనలేడు. మిస్సింగ్, ఐడిల్, క్లచ్ ప్లే లాంటి పనుల్లో మన ఊహ తప్పైతే పది నిమిషాల్లో బండే కాదంటుంది. ముప్ఫయ్యేళ్లు రోజుకు పదిసార్లు అలా కాదనిపించుకున్న మనిషి ఆయన. ఆయన చెవి అలా తయారైంది. మీ చెవి కూడా ఇప్పటికి చాలావరకు అలాగే తయారై ఉంటుంది.

కానీ ఆ పెద్దాయనే బ్రేక్ ఆయిల్ దగ్గర మాత్రం, "రంగు బాగానే ఉంది, ఇంకో మూడేళ్లు చూడక్కర్లేదు" అనేవాడు. అక్కడ ఆయన మాట చెల్లదు. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల సెల్సియస్ లోపు మరగకూడదన్నది ప్రమాణం. అదే ఆయిల్ తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కి దిగుతుంది. గాలిలో తేమను లాక్కోవడం దాని గుణం. ఎంత తేమ లాగిందో రంగు చూసి పూర్తిగా తెలుసుకోలేం. మామూలుగా తిరిగే బండిలో తేడా కనపడదు, లివర్ గట్టిగానే ఉంటుంది. పొడవాటి దిగుడు దారిలో బ్రేకు అదేపనిగా పట్టినప్పుడు ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు లివర్ మెత్తగా గ్రిప్పు దాకా వచ్చేస్తుంది. అది జరిగేది షెడ్డుకు ఎంతో దూరంలో. కాసేపు ఆగి చల్లారితే మళ్లీ మామూలుగా పట్టేస్తుంది. ఆ మనిషి క్షేమంగా వచ్చినా, "ఒకసారెందుకో బ్రేకు దొరకలేదు" అంటాడంతే. మనం ప్యాడ్లు చూసి బాగానే ఉన్నాయని పంపేస్తాం. ఇలాంటి చోట 19 ఏళ్లు తప్పు చెప్పినా మనకు ఎదురు చెప్పేవాడు ఉండడు. చాలా కంపెనీలు మాన్యువల్‌లో రెండేళ్లకోసారి మార్చమని రాస్తాయి. మన షెడ్డులో ఎన్నడూ కనపడని ఆ మరుగును లెక్కలోకి తీసుకుని రాసిన మాట అది.

మనలో దాదాపు అందరికీ ఉన్న ఇంకో అలవాటు అనుభవాన్ని తినేస్తుంది. బండి మిస్సింగ్ అని వస్తుంది. ప్లగ్ మారుస్తాం, ఫిల్టర్ ఊదుతాం, కార్బురేటర్ కడుగుతాం, పనిలో పనిగా ప్లగ్ క్యాపు కూడా విప్పి పెడతాం. ట్రయల్ వేస్తే బండి బాణంలా పోతుంది. దేనివల్ల బాగైంది? ఎవరికీ తెలీదు. కస్టమర్ పని అయింది, మెకానిక్ నేర్చుకున్నది సున్నా. ఒకటి మార్చి, ట్రయల్ వేసి, అప్పుడు రెండోది ముట్టుకుంటే పావుగంట ఎక్కువ పడుతుంది, నిజమే. బయట నాలుగు బళ్లు ఎదురుచూస్తుంటే ఆ పావుగంట ఎవడిస్తాడని మీరు అడుగుతారు. నేనూ ఇవ్వలేకపోయేవాణ్ణి. కానీ రోజుకు ఒక్క బండికైనా ఇస్తే ఏడాదికి మూడు వందల పాఠాలవుతాయి.

ఇక మీ ఇరుసు నట్టు దగ్గరికి వద్దాం. ఇక్కడ మామయ్యకూ మేనల్లుడికీ చెరి సగం మార్కులు.

చేతికి తెలిసేది నట్టు తిరగడానికి ఎంత మొరాయిస్తోందన్నది మాత్రమే. లోపల బోల్టు ఎంత సాగి, ఎంత బిగువు పట్టిందో చేతికి తెలీదు. స్పానర్ పొడుగు మారితే చేతి లెక్క మారుతుంది. పొద్దున బిగించినట్టు సాయంత్రం బిగించలేం. అల్యూమినియం కేసులో ఉండే డ్రెయిన్ బోల్టు థ్రెడ్ పోయిన బళ్లు మీ షెడ్డుకి ఎన్నొచ్చాయో గుర్తు చేసుకోండి. వాటిలో చాలావాటిని అంతకుముందు బిగించింది కూడా "నా చెయ్యే కొలత" అనుకున్న మనలాంటివాడే. మరీ బిగిస్తే అప్పటికప్పుడు తెగి తెలుస్తుంది. కాస్త ఎక్కువైతే తర్వాత విప్పేవాడికి తెలుస్తుంది. తక్కువైతే దారిలో పోయేవాడికి తెలుస్తుంది. మూడింట రెండు మన దాకా రానే రావు.

అలాగని మీ వాడు అడిగిన అంకె ఒక్కటే సరిపోతుందా అంటే, అదీ లేదు. బోల్టును తిప్పడానికి మనం పెట్టే బలంలో సుమారు తొమ్మిది వంతులు తల కింద, థ్రెడ్ల మధ్య రాపిడికే పోతుంది. బోల్టును సాగదీసి రెండు భాగాల్ని అదిమి పట్టేది మిగిలిన ఒక్క వంతు. థ్రెడ్ల మీద నూనె పడితే రాపిడి తగ్గుతుంది. అప్పుడు బిగింపును అంకెల్లో చూపే టార్క్ రించ్ అదే అంకె చూపించినా బోల్టు మాత్రం కావలసిన దానికన్నా చాలా ఎక్కువ సాగిపోతుంది. తుప్పు పట్టి ఉంటే దీనికి తలకిందులు: రించ్‌లో అంకె వచ్చేస్తుంది, నట్టు మాత్రం నిజానికి బిగుసుకోదు. మాన్యువల్‌లో అంకె పక్కన నూనె రాయమనో, పొడిగా ఉంచమనో చెప్పేది అందుకే. ఈ లెక్క మీ వాడికి క్లాసులో చెప్పే ఉంటారు. తుప్పు పట్టిన ఇరుసు మీద మాత్రం వాడు దాన్ని చూసి ఉండడు. నట్టు గరగరమంటూ తిరుగుతుంటే చేతికి తేడా తెలిసి, ఆపి, వెనక్కి విప్పి, బ్రష్ కొట్టి మళ్లీ ఎక్కించేది మీరు. వాడు రించ్ టక్కుమనేదాకా తిప్పేవాడు. ఆ గరగర కనిపెట్టడంలో మీరు నిపుణులు. అంకె విషయంలో కాదు.

చైన్ సంగతి కూడా చెప్పి ముందుకు పోతాను. చైన్ కొంచెం లూజుగా ఎందుకు ఉంచాలని మా కుర్రాళ్లను అడిగితే, టైటైతే అరుగుతుందంటారు. అది సగం జవాబు. చాలా బళ్లలో వెనక సస్పెన్షన్ అణిగే కొద్దీ ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, చక్రం ఇరుసు ఒకే వరసలోకి వస్తాయి. రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం ఎక్కువగా ఉండేది అప్పుడే. బండి ఖాళీగా స్టాండ్ మీద ఉన్నప్పుడు చైన్ బిర్రుగా ఉంచితే, ఇద్దరు కూర్చుని గుంటలో పడేసరికి ఆ లాగుడంతా గేర్‌బాక్సు షాఫ్టు బేరింగు మీద పడుతుంది. ఇది తెలిసినవాడి ముందు కొత్త మోడల్ పెట్టినా, సస్పెన్షన్ మార్చిన బండి పెట్టినా ఎంత లూజు వదలాలో తేల్చుకోగలడు. తెలియనివాడు పాత బండి లెక్కనే దానికీ పెట్టి పంపేస్తాడు. నిపుణుడికీ పనివాడికీ మధ్య తేడా ఏదైనా ఉందంటే ఇక్కడుంది, ఇంతకుముందు చూడని బండి ముందు.

మీ ట్రైనింగ్‌ల గురించి అడిగారు. నేను ఇప్పుడు ఇచ్చేవి అవే కాబట్టి ఉన్నమాట చెబుతాను. కొద్దిరోజుల ట్రైనింగ్‌లో ఎవరూ నిపుణులు కారు. అందులో చెప్పేది ఫలానా మోడల్ ఎలా విప్పాలి, ఏ అంకెలు పెట్టాలి, స్కానర్‌లో ఏ మెనూలోకి వెళ్లాలి, ఇంతవరకే. ఎందుకన్నది చెప్పడానికి టైమ్ దొరకదు. దొరికినా భోజనం తర్వాత సగంమంది కునికిపాట్లు పడుతుంటారు, మొహమాటం లేకుండా చెబుతున్నాను. అయినా ట్రైనింగ్ తప్ప దిక్కులేని పనులు కొన్ని ఉన్నాయి. తప్పు చేసి నేర్చుకుందామంటే కుదరనివి. ఇంజెక్షన్ బండి పెట్రోలు పైపులో సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. దాన్ని దించకుండా వేడి ఇంజన్ పక్కన పైపు పీకడం ఎలాంటిదో ఒకసారి చేసి చూద్దామనుకోకూడదు. ఎలక్ట్రిక్ బండి తాళం తీసేసినా బ్యాటరీ లోపలి వోల్టేజీ ఎక్కడికీ పోదు. డీసీ కరెంటు 60 వోల్టులు దాటితే ఒంటికి ప్రమాదమనే లెక్కేస్తారు. అక్కడ పాత అనుభవం ఇచ్చే ధీమానే శత్రువు. మీ గోడ మీది సర్టిఫికెట్లు ఉండనివ్వండి, కానీ వాటి మీద తేదీలు ఒకసారి చూడండి. ఆ తర్వాత ఎన్ని కొత్త రకాల బళ్లొచ్చాయో మీకే తెలుసు.

రైట్ సోదరుల పేరు చెప్పి మీ వాణ్ణి ఊరుకోబెట్టారు కదా. వాడికి వాళ్ల కథ పూర్తిగా తెలిసి ఉంటే ఊరుకునేవాడు కాదు. విల్బర్, ఓర్విల్ 1892లో సైకిళ్ల వ్యాపారంలోకి దిగారు. 1901లో వాళ్లు ఎగరేసిన గ్లైడర్, పుస్తకాల్లోని లెక్కల ప్రకారం రావలసిన లిఫ్టులో, అంటే రెక్కను పైకి లేపే బలంలో, మూడో వంతు మాత్రమే ఇచ్చింది. మనమైతే ఏం చేసేవాళ్లం? రెక్కలు ఇంకొంచెం పెద్దవి చేసి మళ్లీ కొండ ఎక్కేవాళ్లం. వాళ్లు షాపులో ఆరడుగుల పొడవు చెక్కపెట్టె చేసి, దానికి ఫ్యాను బిగించి, అందులో చిన్న చిన్న రెక్కల నమూనాలు సుమారు 200 పెట్టి ఒక్కొక్కటీ కొలిచారు. కొలిచే తక్కెడలు చేసుకున్నది హాక్సా బ్లేడులతో, సైకిల్ చువ్వల తీగతో. వందేళ్లకు పైగా అందరూ వాడుతున్న గాలి ఒత్తిడి అంకె అసలు కంటే బాగా ఎక్కువని కూడా తేల్చారు. సన్నని పని చెయ్యగల చేతులు, పనికి చోటు, సామాను, ఇవి సైకిల్ షాపు ఇచ్చినవే. చువ్వ తీగతో తక్కెడ చెయ్యాలన్న ఊహ సైకిల్ మెకానిక్‌కి తప్ప ఇంకెవరికి వస్తుంది? కానీ వాళ్లను నిపుణుల్ని చేసింది ఆ పెట్టె.

ఇంజన్ కూడా అన్నదమ్ములే చేశారనుకుంటారు చాలామంది. చేసింది వాళ్ల షాపులో పనిచేసిన మెకానిక్ చార్లీ టేలర్. కొద్దిపాటి గీతల బొమ్మలు ముందు పెట్టుకుని, షాపులో ఉన్న లేత్, డ్రిల్లింగ్ మిషన్లతో సుమారు ఆరు వారాల్లో 12 హార్స్‌పవర్ ఇంజన్ తయారుచేశాడు. 1903 డిసెంబరు 17న విమానం ఎగిరింది దానితోనే. ఈసారి మీ వాడితో వాదన వస్తే రైట్ సోదరుల కంటే టేలర్ పేరు చెప్పండి, మీకు ఎక్కువ పనికొస్తుంది.

సోయిచిరో హోండా కథ మాత్రం ఇద్దరూ కూర్చుని వినవలసింది. 1922లో ఒక రిపేరు షాపులో కుర్రాడిగా చేరి, ఆరేళ్లకు దాని శాఖను సొంతంగా నడిపే దాకా వచ్చాడు. చేతిపనిలో ఆయనకు వంక పెట్టగలవాళ్లు తక్కువ. తర్వాత పిస్టన్ రింగులు తయారుచెయ్యాలని దిగాడు. పోత పోస్తే రింగు గట్టిపడి విరిగిపోయేది. ఎంత పనితనం చూపించినా లోపం దొరకలేదు. లోహంలో సిలికాన్ చాలలేదని ఒక ప్రొఫెసర్ పరీక్షించి చెబితే తెలిసింది. అప్పుడు ముప్ఫై ఏళ్ల వయసులో వెళ్లి హమామత్సులోని టెక్నికల్ స్కూల్లో కుర్రాళ్ల మధ్య కూర్చుని లోహాల పాఠాలు విన్నాడు. ఆ తర్వాత కూడా టొయోటా పరీక్షకు ఇచ్చిన 50 రింగుల్లో నెగ్గినవి మూడే. ఆ స్కూల్లో పరీక్షలు రాయలేదు, పట్టా పుచ్చుకోలేదు. కావలసిన సంగతి తెలుసుకుని వచ్చేశాడు. చెయ్యి ఎంత గొప్పదైనా లోహం లోపలికి చూడలేదు. అది చూడగలిగినవాణ్ణి అడగడానికి ఆయనకు నామోషీ అనిపించలేదు.

చట్టం ఏమంటుందని కూడా మీ వాడు అడగొచ్చు. అమెరికా ఫెడరల్ కోర్టుల సాక్ష్య నియమాల్లో 702వది నిపుణుడు ఎవరో చెబుతుంది. జ్ఞానం, నైపుణ్యం, అనుభవం, శిక్షణ, చదువు అని ఐదు దారులు చెప్పి, మధ్యలో "లేదా" అని పెట్టింది. అంటే అనుభవం ఒక్కటున్నా మెకానిక్ సాక్షి బోనులో నిపుణుడిగా నిలబడొచ్చు. అయితే ఆ వెంటనే ఇంకో మెలిక ఉంది. చెప్పే అభిప్రాయానికి తగినన్ని ఆధారాలుండాలి, దాన్ని తేల్చిన పద్ధతి నమ్మదగినదై ఉండాలి. "నా చెయ్యే న్యూటన్ మీటర్" అన్న మాట అక్కడ నిలబడదండీ.

మీరు చెయ్యగలిగిన పనులు రెండు చెబుతాను. షెడ్డులో ఒక నోటుపుస్తకం పెట్టండి. మామూలు సర్వీసింగులు వద్దు. ట్యాపెట్, హెడ్ పని, బ్రేకులు, వైరింగు లాంటివి చేసినప్పుడు ఏం కనపడింది, ఏమనుకున్నారు, ఏం మార్చారు అని నాలుగు ముక్కలు రాసి ఫోన్ నంబర్ పెట్టుకోండి. మూడు నెలలకు ఫోన్ చేసి బండి ఎలా ఉందని అడగండి. కస్టమర్లు మొదట బేరానికి చేశారనుకుంటారు, తర్వాత అలవాటు పడతారు. తిరిగి రాని తప్పుల్ని మనమే పిలిపించుకోవడం అన్నమాట. నేను ఆ పసుపు చుక్క చూశాక మొదలుపెట్టిన పని ఇదే. మొదటి ఏడాది వచ్చిన జవాబులు వింటే మనసు చివుక్కుమనేది. నా పేరు మోగిపోయిన పనుల్లోనే ఎక్కువ ఫిర్యాదులుండేవి.

రెండోది మీ మేనల్లుడితో కలిసి చెయ్యాల్సింది. వాణ్ణి ఒక ఆదివారం పిలవండి. ముందు వాడి బండి చైన్ చూపించి, అన్నిటికంటే బిర్రుగా ఉన్న చోటు చేత్తో కనుక్కోమనండి. చైన్ అన్ని చోట్లా ఒకేలా అరగదు, చక్రం మెల్లగా తిప్పుతూ వెతకాలి. వాడికి ఎంతసేపు పడుతుందో ఏమీ మాట్లాడకుండా చూడండి. తర్వాత మీ వంతు. డయల్ ఉన్న టార్క్ రించ్ ఒకటి సంపాదించి, డయల్ వాడి వైపు ఉండేలా, మీకు కనపడకుండా పట్టుకుని ఆ ఇరుసు నట్టు మీ అలవాటు ప్రకారం బిగించండి. "చాలు" అనిపించి చెయ్యి ఆపినప్పుడు అంకె వాణ్ణి చదివి రాయమనండి. మళ్లీ వదులు చేసి మళ్లీ బిగించండి. పొద్దున ఐదుసార్లు, పని ముగిశాక సాయంత్రం ఐదుసార్లు. చివర్లో మాన్యువల్ తెరిచి అసలు అంకెతో పోల్చుకోండి, నట్టు ఆఖరుసారి ఆ అంకెకే బిగించి పంపండి.

నేను ఈ పరీక్ష పెట్టుకున్నప్పుడు పొద్దున అంకెలు ఒకదానికొకటి బాగానే దగ్గరగా వచ్చాయి. సాయంత్రం ఆరు దాటాక వచ్చిన ఐదు అంకెలున్న కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. దాన్ని మా కుర్రాళ్లకు ఇంతవరకు చూపించలేదు.